చచ్చినవాడి బాకీ

2005 అక్టోబరు 12 విజయదశమి. ఆ సాయంత్రం హైదరాబాదులో పోలీసులు చాలామంది పండుగ బందోబస్తుకు వెళ్ళి ఉన్నారు. బేగంపేటలోని నగర పోలీసు టాస్క్‌ఫోర్స్ కార్యాలయంలో మనుషులు పలచగా ఉన్నారు. రాత్రి ఏడున్నర ప్రాంతంలో ఒక యువకుడు అక్కడికి వచ్చాడు. వాడు మోసుకొచ్చిన బాంబు పేలింది. వచ్చినవాడు ముక్కలైపోయాడు. కాపలా ఉన్న ఒక హోంగార్డు చనిపోయాడు, ఇంకొక హోంగార్డు గాయపడ్డాడు. జమ్మి ఆకు చేతిలో పెట్టి 'బంగారం' అని అలాయ్‌బలాయ్ తీసుకునే వేళ అది. పండుగ కాకపోయి ఉంటే ఆ కార్యాలయంలో ఎందరు పోయేవాళ్ళో ఊహించుకోవచ్చు. హైదరాబాదు నగరం చూసిన మొదటి మానవబాంబు అదే.

వచ్చినవాడు బంగ్లాదేశ్ వాడని, హర్కతుల్ జిహాద్ అనే సంస్థ పంపగా వచ్చాడని పోలీసులు చెప్పారు. సూత్రధారులనుకున్న వాళ్ళలో కొందరు తర్వాత చనిపోయారు, కొందరు దొరకనే లేదు. దొరికిన పది మంది మీద విచారణ జరిగింది. 2017 ఆగస్టు 10న నాంపల్లి కోర్టు ఆ పది మందినీ నిర్దోషులని విడిచిపెట్టింది. నేరం రుజువు చేయడానికి సాక్ష్యం చాలలేదు. వాళ్ళలో కొందరు అప్పటికి పన్నెండేళ్ళుగా లోపల ఉన్నారు. అంటే ఒక హోంగార్డు ప్రాణానికి ఎవరూ జవాబు చెప్పలేదు, పది మంది వయసుకు కూడా ఎవరూ జవాబు చెప్పలేదు. ఈ రెండు లెక్కలూ అట్లాగే తేలకుండా మిగిలిపోయాయి. నేను వృత్తిరీత్యా బ్యాంకువాణ్ణి. తేలని పద్దు కనబడితే దాన్ని వదిలి ముందుకు పోవడం నాకు చేతకాదు. ఈ వ్యాసం అందుకే.

మొదట ఒక మాట సంగతి. ఇట్లాంటి సంఘటనను తెలుగు పత్రికలు 'ఆత్మాహుతి దాడి' అంటాయి. మరాఠీ పత్రికలు 'ఆత్మఘాతీ హల్లా' అంటాయి. ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష మాట్లాడే మనకు ఈ తేడా వెంటనే తగులుతుంది. ఆహుతి అంటే హోమంలో వేసేది, తనది తాను ఇచ్చేది. పక్కింటి నెయ్యి గుంజుకొచ్చి హోమంలో పోస్తే అది ఆహుతి ఎట్లా అవుతుంది? ఈ ఒక్క విషయంలో మరాఠీ వాళ్ళ మాటే సరైనదని నా అభిప్రాయం. మన పత్రికల వాళ్ళు ఆ పవిత్రమైన మాటను హంతకులకు దానం చేయకుండా ఉంటే బాగుండేది.

ఆత్మార్పణ ఎట్లా ఉంటుందో తెలుగువాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. 1952లో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారంగా ఉండి డిసెంబరు 15 రాత్రి మద్రాసులో కన్నుమూశారు. ఆయన తీసుకున్నది ఒక్క తన ప్రాణమే. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆ వెనుక ఫజల్ అలీ కమిషను వచ్చింది, 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రాలు వచ్చాయి. ఆ పునర్విభజన చట్టం తీసి చూస్తే, ఆదిలాబాదు జిల్లా నుంచి బొంబాయి రాష్ట్రానికి పోయిన ప్రాంతాలు కనబడతాయి: రాజురా తాలూకా, కిన్వట్ తాలూకా, బోథ్ తాలూకాలోని ఇస్లాపూర్ సర్కిలు. మా ఇస్లాపూర్ పేరు పార్లమెంటు చట్టంలోకి ఎక్కింది ఆ విధంగానే. మద్రాసులో ఒక మనిషి తన భాష కోసం ప్రాణం విడిస్తే, నాలుగేళ్ళకు మా ఊరి తెలుగువాళ్ళు మరాఠీ రాష్ట్రంలో అల్పసంఖ్యాకులయ్యారు. చరిత్రలో ఇట్లాంటి మెలికలు ఉంటాయి. దానికి ఆయన మీద ఫిర్యాదు ఏమీ లేదు. తన ప్రాణం ఇచ్చినవాడికీ, ఇతరుల ప్రాణం తీయడానికి తన ప్రాణాన్ని ఆయుధంగా వాడినవాడికీ మధ్య ఉన్న దూరం చెప్పడానికే ఈ ప్రస్తావన.

ఇక అసలు సంగతి. మామూలు హంతకుడికి ఉరితాడు అంటే భయం ఉంటుంది. దొరికితే శిక్ష పడుతుంది. చనిపోయినవాడి కుటుంబానికి అంతమాత్రం ఊరట దొరుకుతుంది. ఊరి కోపం కోర్టు దారి పడుతుంది. కాని చావడానికే వచ్చినవాడికి ఉరితాడు చూపించి ప్రయోజనం లేదు. వాడు నేరం చేసిన క్షణంలోనే చట్టానికి అందకుండా పోయాడు. బాకీ మిగిలింది, బాకీదారు లేడు. అప్పుడు సమాజం ఏం చేస్తుంది? కోపం ఊరికే కూర్చోదు కదా, ఏదో ఒక చిరునామా వెతుక్కుంటుంది. చచ్చినవాడి పేరు లాంటి పేరు గలవాడో, వాడి భాష మాట్లాడేవాడో, వాడి దేవుణ్ణి మొక్కేవాడో కనబడతాడు. అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, బాకీ మొత్తం వాడి పద్దులో రాసేస్తారు. వాణ్ణి పంపినవాళ్ళు కోరుకునేది కూడా సరిగ్గా ఇదే. పది మందిని చంపడం వాళ్ళ అసలు లక్ష్యం కాదు, పది లక్షల మందిని ఒకరి మీదికి ఒకరిని ఉసికొల్పడం.

ఈ పద్ధతి ఒక మతం వాళ్ళు కనిపెట్టిందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. 1881 మార్చి 13న రష్యా రాజధాని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జార్ చక్రవర్తి రెండవ అలెగ్జాండర్ బండి మీద ఒక విప్లవకారుడు బాంబు విసిరాడు. జార్‌కు దెబ్బ తగలలేదు. గాయపడ్డవాళ్ళను చూద్దామని ఆయన బండి దిగాడు. అప్పుడు గ్రినెవిత్‌స్కీ అనే రెండో యువకుడు దగ్గరికి వచ్చి ఇద్దరి కాళ్ళ మధ్య బాంబు వేశాడు. జార్ పోయాడు, వాడూ పోయాడు. ఆ సంస్థ పేరు 'ప్రజా సంకల్పం'. దేవుణ్ణి నమ్మని విప్లవకారుల సంస్థ అది.

దాని తర్వాత జరిగిందే మనకు కావలసింది. హంతకుల బృందంలో యూదు కుటుంబంలో పుట్టిన ఒక స్త్రీ ఉంది. ఆమె ఒక్కతే. మిగతావాళ్ళు ఎక్కువగా రష్యన్లు, ప్రాణం ఇచ్చినవాడు పోలిష్ వంశం వాడు. అయినా జార్‌ను చంపింది యూదులేనని పుకారు లేచింది. ఏప్రిల్‌లో ఎలిజవెత్‌గ్రాద్ పట్టణంలో మొదలై దక్షిణ రష్యా అంతటా యూదుల ఇళ్ళూ దుకాణాలూ దోచారు, తగలబెట్టారు, మనుషులను చంపారు. మరుసటి సంవత్సరం ప్రభుత్వం యూదుల మీదనే కొత్త ఆంక్షలు పెట్టింది. దెబ్బలు తిన్నవాళ్ళకే శిక్ష! అంతేకాదు. చనిపోయిన రోజు పొద్దుననే జార్ ఒక సంస్కరణ పత్రానికి ఒప్పుకొని ఉన్నాడు. ఎన్నికైన ప్రతినిధులకు చట్టాల తయారీలో కొంచెం చోటు ఇచ్చే పత్రం అది. కొత్త జార్ దాన్ని మూలకు పడేశాడు. ఆగస్టులో మూడేళ్ళకని ఒక అత్యవసర చట్టం తెచ్చారు. ఎవరినైనా విచారణ లేకుండా పట్టుకోవచ్చు, ఊరు వెళ్ళగొట్టవచ్చు. ఆ మూడేళ్ళ చట్టాన్ని పొడిగించుకుంటూ పోయారు. అది 1917లో జార్ల రాజ్యంతోపాటే పోయింది.

మన దగ్గర కూడా 1985లో టాడా చట్టం రెండేళ్ళకని వచ్చి పదేళ్ళు ఉంది. 75 వేలకు పైగా మనుషులను దాని కింద పట్టుకున్నారు, నేరం రుజువైన వాళ్ళు చాలా కొద్దిమంది. 1995లో అది గడువు తీరి పోయింది. తాత్కాలికం అన్న మాట ప్రభుత్వ కాగితం మీద కనబడితే నాకు ఇప్పటికీ నమ్మకం కలగదు.

బాకీ వేరేవాడి పద్దులో రాయడం అనేది మన నేల మీద కూడా జరిగింది. అది మానవబాంబుల కథ కాదు, కాని జబ్బు అదే. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చింది. నాలుగైదు రోజుల్లో నిజాం లొంగిపోయాడు, రజాకార్ల ఆగడాలు ఆగిపోయాయి. ఏటా సెప్టెంబరు 17న మరాఠ్వాడా ముక్తిసంగ్రామ దినం అని జెండా ఎగరేస్తున్నాం, ఎగరేయాలి కూడా. రజాకార్లు మన పల్లెల్లో చేసింది తక్కువేమీ కాదు. కాని రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ జైలుకు పోయి, శిక్ష అనుభవించి, 1957లో పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. రజాకార్ల బాకీ కట్టింది మాత్రం వేరేవాళ్ళు. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం ఆ ఏడాది చివర ఊరూరా తిరిగి నివేదిక రాసింది. సంస్థానం మొత్తంలో 27 వేల నుంచి 40 వేల దాకా ముస్లింలు చనిపోయి ఉంటారని వాళ్ళ అంచనా. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్న నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. మన నాందేడ్! ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. 2013 దాకా మామూలు పాఠకుడికి అది అందలేదు.

మా ఊళ్ళో పాత తరం వాళ్ళు రజాకార్ల కథలు ఎంతసేపైనా చెప్పేవాళ్ళు. ఆ తర్వాత రెండు నెలల సంగతి అడిగితే 'అది చెడ్డకాలం' అని లేచి పోయేవాళ్ళు. నివేదికలో మనం గుర్తుంచుకోదగిన ఇంకొక సంగతి ఉంది. కొన్నిచోట్ల హిందూ నేతపనివాళ్ళు తమతోటి ముస్లిం నేతపనివాళ్ళను తమ ప్రాణాలు ఒడ్డి కాపాడారట. ఒకే మగ్గం పని, ఒకే నూలు షావుకారు, ఒకే అప్పు. ఆ వాక్యం చదివినప్పుడు నాందేడ్‌లోనూ షోలాపూర్‌లోనూ ఉన్న మన పద్మశాలీలు నాకు గుర్తుకు రాకుండా ఉండరు. మతం మనిషికి ఒక చిరునామా అయితే వృత్తి ఇంకొక చిరునామా. రెండో చిరునామా తెలిసినవాళ్ళు మొదటి చిరునామా చూసి కత్తి ఎత్తలేదు.

ఇక మన కాలంలో ఈ మానవబాంబును యంత్రంలా నడిపిన సంస్థ ఎల్.టి.టి.ఇ. దాని చరిత్ర కూడా తప్పుడు చిరునామాతోనే మొదలవుతుంది. 1983 జూలై 23న జాఫ్నాలో పులులు పొంచి ఉండి 13 మంది శ్రీలంక సైనికులను చంపారు. చంపినవాళ్ళు తప్పించుకుపోయారు. కొలంబోలో కోపం ఎవరి మీదికి పోయింది? దుకాణాలు పెట్టుకున్న, ఆఫీసుల్లో పనిచేసే మామూలు తమిళుల మీదికి. ఓటర్ల జాబితాలు పట్టుకుని ఇళ్ళు వెతికారు. వందల మంది చనిపోయారు, లక్షల మంది ఊళ్ళు విడిచారు. అంతకుముందు ఆ సంస్థలో ఉన్నది పిడికెడు మంది. ఆ జూలై తర్వాత చేరడానికి కుర్రాళ్ళు బారులు తీరారు. 1987 జూలై 5న నెల్లియడి సైనిక శిబిరంలోకి పేలుడు పదార్థాల లారీతో ఒకడు దూసుకుపోయాడు. అది వాళ్ళ మొదటి ఆత్మఘాతుక దాడి. నాలుగేళ్ళకు ఆ దారి శ్రీపెరుంబుదూరు దాకా వచ్చింది.

1991 మే 21న రాజీవ్ గాంధీ విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని మద్రాసు వచ్చారు. రాత్రి పది దాటిన తర్వాత శ్రీపెరుంబుదూరు సభలో ధను అనే స్త్రీ దండ వేసి, పాదాలకు దండం పెట్టినట్టు వంగి, నడుముకు కట్టుకున్న బాంబు పేల్చుకుంది. రాజీవ్ గాంధీతోపాటు మామూలు కార్యకర్తలూ, బందోబస్తు పోలీసులూ పోయారు. అప్పుడు నేను నాందేడ్‌లో బి.కాం. చదువుతున్నాను. మరునాడు హైదరాబాదు నుంచి వచ్చిన కబుర్లు విచిత్రంగా ఉన్నాయి. చంపింది ఎవరో తెలియకముందే తెలుగుదేశం కార్యాలయాల మీద, ఎన్.టి. రామారావు గారి ఆస్తుల మీద గుంపులు పడ్డాయి! ఆయనకూ, జాఫ్నాలో కూర్చుని కుట్ర చేసినవాళ్ళకూ ఏమిటి సంబంధం? ఎన్నికల్లో ఎదుటి పక్షం, అంతే. కోపానికి అంత చిన్న చిరునామా చాలు.

ఆ బాంబు వల్లనే ఒక తెలుగువాడు దేశానికి ప్రధాని అయ్యారు. పి.వి. నరసింహారావు గారు ఆ ఎన్నికల్లో పోటీ కూడా చేయలేదు. అంతకుముందు రెండుసార్లు మన మహారాష్ట్రలోని రామ్‌టెక్ నుంచే లోక్‌సభకు గెలిచారు. హరి నారాయణ ఆప్టే నవలను 'అబల జీవితం' పేరుతో తెలుగు చేసిన మనిషిగా ఆయన మన పత్రిక పాఠకులకు దగ్గరివాడు. ఆయన ప్రభుత్వం 1992 మే 14న ఎల్.టి.టి.ఇ.ని నిషేధించింది.

ఈ కేసులో దర్యాప్తు పని మెచ్చుకోవలసిందే. దర్యాప్తు బృందానికి నాయకుడుగా నియమించిన డి.ఆర్. కార్తికేయన్ అప్పుడు హైదరాబాదులో సి.ఆర్.పి.ఎఫ్. అధికారి. చనిపోయిన ఫొటోగ్రాఫర్ హరిబాబు కెమెరా పాడవకుండా దొరికింది. ఆ రీలు నుంచి తీగ లాగి ముఖాలను గుర్తించారు, మూడు నెలల్లో ముఖ్యుడు శివరాసన్ దాకా చేరారు. ఆగస్టు 20న బెంగుళూరు పక్కన కోననకుంటెలో చుట్టుముట్టేసరికి వాడూ వాడితో ఉన్నవాళ్ళూ ప్రాణం తీసుకున్నారు. మళ్ళీ అదే చిక్కు. అసలు జవాబు చెప్పవలసినవాళ్ళు పోయారు. మిగిలినవాళ్ళు ఇల్లు అద్దెకు ఇచ్చినవాళ్ళూ, సామాన్లు కొనిపెట్టినవాళ్ళూ, వెంట తిరిగినవాళ్ళూ.

1998 జనవరిలో టాడా కోర్టు 26 మందికి 26 మందికీ ఉరిశిక్ష వేసింది. 1999 మేలో సుప్రీంకోర్టు వాళ్ళలో 19 మందిని హత్యానేరం నుంచి తప్పించింది, ముగ్గురికి యావజ్జీవం చేసింది, నలుగురికి ఉరి ఖాయం చేసింది. ఈ నేరానికి టాడా వర్తించదని కూడా చెప్పింది. కాని టాడా కింద పోలీసు అధికారి రాసుకున్న ఒప్పుకోలు మాత్రం సాక్ష్యంగా నిలిచింది. ఉరి పడినవాళ్ళలో పేరరివాళన్ ఒకడు. అరెస్టు నాటికి 19 ఏళ్ళవాడు. రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు కొనిచ్చాడన్నది అభియోగం. అవి ఎందుకో తనకు తెలియదని వాడు చెప్పిన వాక్యాన్ని తాను ఒప్పుకోలులో రాయలేదని, ఆ వాంగ్మూలం తీసుకున్న అధికారే 2013లో బయటపెట్టాడు. 2014లో సుప్రీంకోర్టు క్షమాభిక్ష అర్జీ పదకొండేళ్ళు తేల్చనందుకు ఉరి తీసేసింది. 2022 మే 18న వాణ్ణి విడుదల చేసింది, నవంబరులో మిగతా ఆరుగురినీ విడుదల చేసింది. వీళ్ళు అమాయకులని నేను అనడం లేదు. ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా ఎవరి వాటా ఎంతో నిక్కచ్చిగా చెప్పలేని స్థితి ఎందుకు వచ్చిందన్నదే నా ప్రశ్న. చచ్చినవాళ్ళ వాటా కూడా బతికినవాళ్ళ మీద వేయబోయినందుకే వచ్చింది.

హైదరాబాదుకు తిరిగి వస్తాను. 2007 మే 18న మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలింది. ఇది మానవబాంబు కాదు, పెట్టిపోయిన బాంబు. చనిపోయినవాళ్ళు ముస్లింలు. అనుమానం మీద పట్టుకున్నదీ ముస్లిం కుర్రాళ్ళనే. పట్టుకుని కొట్టారని, కరెంటు పెట్టారని ఫిర్యాదులు వచ్చాయి. కోర్టుల్లో వాళ్ళ మీద కేసులు నిలబడలేదు. తర్వాత కేంద్ర సంస్థలు పూర్తిగా వేరే మనుషుల మీద, హిందూ తీవ్రవాదులని చెప్పి, కేసు పెట్టాయి. 2018 ఏప్రిల్‌లో వాళ్ళూ నిర్దోషులుగా బయటికి వచ్చారు. కాబట్టి ఆ మసీదులో పోయినవాళ్ళను ఎవరు చంపారన్నదానికి కూడా జవాబు లేదు. మొదట పట్టుకున్న కుర్రాళ్ళకు అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012లో నష్టపరిహారం ఇచ్చింది. జైల్లో పెట్టి నిర్దోషులని తేలినవాళ్ళకు మూడు లక్షల చొప్పున. దేశంలో అట్లాంటిది అరుదు. కాని అట్లా ఇవ్వడానికి చట్టం లేదని 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. చట్టం లేదన్న మాట నిజమే. 2018లో లా కమిషను తన 277వ నివేదికలో, అన్యాయంగా కేసుల్లో ఇరికించినవాళ్ళకు పరిహారం ఇచ్చే చట్టం చేయమని సిఫారసు చేసింది. అట్లాంటి చట్టం రాకుండానే కొత్త నేర సంహితలు వచ్చాయి. బ్యాంకులో ఒకరి ఖాతాలోంచి పొరపాటున వంద రూపాయలు తీస్తే వడ్డీతో తిరిగి వేస్తాం. పన్నెండేళ్ళు తీస్తే తిరిగి వేయడానికి పద్దు లేదు!

సమాజం మంచిగా నడుచుకున్న సందర్భాలు కూడా చెప్పకపోతే అన్యాయం. 2008 నవంబరు 26 రాత్రి బొంబాయికి వచ్చిన పది మందీ చచ్చేదాకా చంపడానికి వచ్చినవాళ్ళు. 166 మంది పోయారు. తొమ్మిది మంది అక్కడే చచ్చారు. పదోవాణ్ణి గిర్‌గావ్ చౌపాటీ దగ్గర సహాయ సబ్ ఇన్‌స్పెక్టర్ తుకారాం ఓంబ్లే ఉత్త చేతులతో, తుపాకి గొట్టం పట్టుకుని ఆపారు. గుళ్ళన్నీ తన ఒంటిలోకి తీసుకున్నారు. ఆయన చేసిన పనికి విలువ మనం పూర్తిగా గుర్తించలేదని నా అభిప్రాయం. వాడు ప్రాణంతో దొరికాడు గనుక మాట్లాడాడు. మాట్లాడాడు గనుక వచ్చింది ఎవరో, ఎక్కడి నుంచో, పంపింది ఎవరో లోకానికి తెలిసింది. కోపానికి సరైన చిరునామా దొరికింది. వాడు కూడా అక్కడే చచ్చి ఉంటే, మరునాడు బొంబాయి గల్లీల్లో ఏం జరిగేదో తలుచుకుంటే భయం వేస్తుంది.

తర్వాత కోర్టు కూడా కోర్టులాగే నడిచింది. కసబ్‌కు న్యాయవాదిని ఇచ్చారు, సాక్ష్యం మొత్తం విన్నారు, 2010 మేలో ఉరి వేశారు. అదే తీర్పులో, పటాలు గీసిచ్చారని ఆరోపణ ఉన్న ఇద్దరు భారతీయ ముస్లింలను సాక్ష్యం చాలదని ఆ కేసులో వదిలేశారు. హైకోర్టు, సుప్రీంకోర్టు కూడా ఆ విడుదలను సమర్థించాయి. దేశమంతా రక్తం మరిగిపోతున్న రోజుల్లో ఒక జడ్జి గారు ఆ మాట రాయడానికి ఎంత గుండె కావాలి! 2012 నవంబరు 21న కసబ్‌ను యెరవడా జైల్లో ఉరితీశారు. ఇంకొక సంగతి. చచ్చిన తొమ్మిది మందిని తమ ఖబ్రస్తాన్‌లో పూడ్చనీయమని బొంబాయి జామా మసీదు ట్రస్టు వాళ్ళు తేల్చి చెప్పారు. వాళ్ళు ముస్లింలే కారన్నారు. శవాలు ఏడాదికి పైగా ఆసుపత్రిలోనే ఉన్నాయి. చివరికి ప్రభుత్వమే ఎక్కడో రహస్యంగా పూడ్చింది. 'అమరుడు' అని పేరు రాసుకోవడానికి వాళ్ళకు ఆరడుగుల నేల కూడా దొరకలేదు. 2019 ఏప్రిల్ 21న శ్రీలంక చర్చిల్లో, హోటళ్ళలో పేలుళ్ళు జరిగినప్పుడు అక్కడి ఉలేమాల సంఘం కూడా బాంబర్ల శవాలను తీసుకోమని చెప్పింది. అయినా మూడు వారాలకే అక్కడ ముస్లింల దుకాణాలూ మసీదులూ పగలగొట్టారు. 1983 నుంచి ఆ దేశం ఏం నేర్చుకుందో!

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉంది. ఇరుగుపొరుగు ముస్లింలు ప్రతిసారీ ముందుకు వచ్చి ఖండించాలని మనవాళ్ళు ఎదురుచూస్తారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ నేరమూ లేనివాడు భుజాలు తడుముకోవాలి. వాళ్ళంతట వాళ్ళు చేస్తే అది గొప్ప, మనం చేయిస్తే అది అవమానం. 1960ల చివర బొంబాయిలో 'మద్రాసీ' అనే ఒక్క మాట కింద తెలుగువాళ్ళూ, తమిళులూ, కన్నడిగులూ అందరూ ఒక్కటే అయినప్పుడు మన పెద్దలకు తెలిసింది ఆ అవమానం ఎట్లా ఉంటుందో.

అయితే జాగ్రత్త వద్దా అంటే కావాలి. డబ్బు లేకుండా బాంబు తయారుకాదు. మనీ లాండరింగ్ నిరోధక చట్టం 2005 జూలై నుంచి అమలులోకి వచ్చిన తర్వాత, అనుమానాస్పద లావాదేవీలను ఢిల్లీలోని ఆర్థిక నిఘా విభాగానికి తెలపడం మా విధి. ఐక్యరాజ్యసమితి నిషేధించినవాళ్ళ జాబితాతో ఖాతాదారుల పేర్లు కూడా పోల్చి చూడాలి. ఒకసారి నేను పనిచేస్తున్న శాఖలో ఒక పేరు ఆ జాబితాలోని పేరుతో కలిసింది. ఖాతాదారు జిన్నింగ్ మిల్లులో హమాలీ. కౌంటరు దగ్గర ఒకరిద్దరు అప్పుడే గుసగుసలు మొదలుపెట్టారు. తండ్రి పేరు చూశాం, పుట్టిన తేదీ చూశాం, ఖాతాలో వచ్చిపోయిన డబ్బు చూశాం. జాబితాలోని మనిషికీ ఇతనికీ ముప్ఫై ఏళ్ళ తేడా. అరగంటలో కాగితం మీద కారణం రాసి మూసేశాం. అతనికి ఈ సంగతి తెలియనే తెలియదు. ఆ అరగంట పని ఎవరూ చేయకపోతే? పేరు కలిసింది, పట్టుకో అంటే? ఒక మనిషిని మరో మనిషి నుంచి వేరుగా గుర్తించే ఓపిక ఉండాలి. పోలీసు ఠాణాలో అయినా, పత్రికాఫీసులో అయినా, చాయ్ హోటల్లో అయినా కావలసింది అదే. నిఘా ఎంత గట్టిగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. అది చేసిన పనిని చూసి పెట్టే నిఘా కావాలి.

చివరగా మన పొరుగు సంగతి. 2019 ఫిబ్రవరి 14న పుల్వామాలో ఒక కాశ్మీరీ యువకుడు పేలుడు పదార్థాల కారుతో సి.ఆర్.పి.ఎఫ్. బస్సును ఢీకొన్నాడు. 40 మంది జవాన్లు చనిపోయారు. అందులో ఇద్దరు మన విదర్భలోని బుల్ధానా జిల్లావాళ్ళు. చంపినవాడు అక్కడే చచ్చాడు. సరిగ్గా వారం తిరగకముందే యవత్మాల్ పట్టణంలో చదువుకుంటున్న కాశ్మీరీ విద్యార్థులను కొందరు పట్టుకుని కొట్టారు, నినాదాలు చేయించారు, ఊరు విడిచిపొమ్మన్నారు. మాకు సహస్రకుండ్ దగ్గర పెన్‌గంగ దాటితే యవత్మాల్ జిల్లానే. ఆ పిల్లలు అంత దూరం చదువుకోవడానికే వచ్చారు, పుల్వామాలో కారు నడిపింది వాళ్ళు కాదు. పోలీసులు కేసు పెట్టారు. కొట్టినవాళ్ళ పార్టీ నాయకులే ఆ పనిని తప్పుబట్టారు. ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు మహారాష్ట్రతో సహా పదకొండు రాష్ట్రాలకు ఆదేశం ఇచ్చింది. గుంపు దాడులను ఆపడానికి అంతకుముందు ఏడాది జిల్లాకొకరు చొప్పున నియమించమన్న పోలీసు అధికారులే కాశ్మీరీల రక్షణ కూడా చూడాలని, ప్రజలకు వాళ్ళ సంగతి తెలిసేటట్టు ప్రచారం చేయాలని చెప్పింది.

మన నాందేడ్ జిల్లాకు ఆ అధికారి ఎవరో, ఫోను నెంబరు ఏమిటో నేను అడిగిన పది మందిలో ఒక్కరికీ తెలియదు. పాఠకుల్లో ఎవరైనా జిల్లా కార్యాలయంలో కనుక్కుని రాస్తే, వచ్చే సంచికలో ఒక మూల అచ్చువేయమని సంపాదకులను కోరుతున్నాను. ఆదిలాబాదు, నిజామాబాదు పాఠకులు తమ జిల్లాల సంగతి కూడా రాయవచ్చు.